ఫుట్‌బాల్ రూల్స్ కూడా తెలుగులో వేయండి ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పెద్ద ఫుట్‌బాల్ ఫైనల్ ఏది జరిగినా మర్నాడు మన తెలుగు పేపర్లలో స్పోర్ట్స్ పేజీ తీస్తే కప్పు ఎత్తిన ఫోటో ఉంటది, స్కోరు ఉంటది, కింద ఎక్కడో రిఫరీ నిర్ణయం వివాదాస్పదమైంది అని ఒక లైను ఉంటది, అంతే. ఆ నిర్ణయం ఏంటి, రూల్ ఏం చెప్తోంది, రిఫరీ ఎందుకు అట్టా ఇచ్చాడు, ఒక్క ముక్క ఉండదు. మిగతాది జనమే ఊహించుకుంటారు కదండీ, ఎక్కువమంది ఊహించుకునేది ఒకటే, రిఫరీ అమ్ముడుపోయాడు అని.

2022 డిసెంబర్ 18న ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో అర్జెంటీనా ఫ్రాన్స్ ఫైనల్ గుర్తుందిగా, మన టైం ప్రకారం రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైంది, 3-3 అయ్యి పెనాల్టీ షూటౌట్‌లో 4-2తో అర్జెంటీనా గెలిచింది. మర్నాడు పొద్దున బ్రాడీపేటలో టీ కొట్టు దగ్గర ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అర్జెంటీనాకి ఇచ్చిన మొదటి పెనాల్టీ గురించి (అర్జెంటీనా డి మారియాని ఫ్రాన్స్ డెంబెలే పడేశాడని రిఫరీ ఇచ్చింది) వాదించుకుంటున్నారు, ఒకడి ఒంటి మీద మెస్సీ పదో నంబర్ జెర్సీ అట్టాగే ఉంది. "డి మారియాని డెంబెలే అసలు ఏం చేశాడ్రా, ఊరికే పడ్డాడు వాడు" అని ఒకడు, "ఊరికే పడితే వీఏఆర్ ఎందుకు ఊరుకుంటది" అని ఇంకొకడు, "వీఏఆర్ కూడా వాళ్ళదేలే" అని మళ్ళీ మొదటోడు. చుట్టూ అంతమంది ఉన్నారు, వీఏఆర్ (వీడియోలు చూసి రిఫరీకి సాయం చేసే అసిస్టెంట్ రిఫరీ) ఉన్నది మొత్తం మ్యాచ్‌ని మళ్ళీ అంపైరింగ్ చేయడానికి కాదు, గోల్, పెనాల్టీ, డైరెక్ట్ రెడ్ కార్డు లాంటి వాటిల్లో రిఫరీ స్పష్టంగా తప్పు చేశాడు అనిపిస్తేనే పిలుస్తారు, కొంచెం తగిలింది, ఇవ్వొచ్చు ఇవ్వకపోవచ్చు అన్నట్టు ఉంటే గ్రౌండ్‌లో రిఫరీ చెప్పిందే ఖాయం అని ఒక్కళ్ళూ చెప్పలేదు. ఎందుకంటే అది వాళ్ళకి తెలుగులో ఎవరూ చెప్పలేదు.

అదే టీ కొట్టు దగ్గర క్రికెట్‌లో అంపైర్స్ కాల్ అంటే ఏంటో అడగండి, ఆటో డ్రైవర్ కూడా బాల్ సగం వికెట్‌కి తగలాలి లేకపోతే అంపైర్ చెప్పిందే అని చేత్తో చూపించి మరీ చెప్తాడు. 2019 జులై 14న లార్డ్స్‌లో ఇంగ్లాండ్ న్యూజిలాండ్ క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్, న్యూజిలాండ్ గప్టిల్ వేసిన త్రో ఇంగ్లాండ్ స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బౌండరీకి పోతే ఆరు పరుగులు ఇచ్చారు, త్రో వేసే టైంకి బ్యాటర్లు రెండో పరుగుకి ఇంకా ఒకళ్ళనొకళ్ళు దాటలేదు కాబట్టి ఐదే ఇవ్వాలి, పైగా తర్వాతి బాల్‌కి స్ట్రైక్‌లో రషీద్ ఉండాలి, ఇదంతా మన ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. ఆ మ్యాచ్ అంపైర్ కుమార ధర్మసేన కూడా తర్వాత తప్పు జరిగిందని ఒప్పుకున్నాడు. ఇప్పటికీ న్యూజిలాండ్‌కి అన్యాయం జరిగిందనే నేనూ అంటా, కానీ అంపైర్ డబ్బులు తిన్నాడు అని మాత్రం మా వాళ్ళెవరూ అన్లేదు, తప్పు ఎక్కడ జరిగిందో అందరికీ తెలుసు కాబట్టి. టీవీల్లో తెలుగు కామెంటరీ, పేపర్లలో బొమ్మలేసి చెప్పడం, ఇవన్నీ కలిసి నేర్పించాయి. ఫుట్‌బాల్‌కి ఆ పని ఎవరూ చేయట్లా.

ఫ్రాన్స్‌లో ఏం జరిగిందో చూడండి. ఫైనల్ మళ్ళీ ఆడించమని పిటిషన్ పెడితే రెండు లక్షల మందికి పైగా సంతకం పెట్టారు, అది కోపం, అర్థం చేసుకోవచ్చు. కానీ అక్కడి స్పోర్ట్స్ పేపర్ లెకిప్ మాత్రం మెస్సీ 108వ నిమిషంలో కొట్టిన అర్జెంటీనా మూడో గోల్ చెల్లదు అని మూడో రూల్ పట్టుకుని రాసింది, బాల్ లైన్ దాటకముందే అర్జెంటీనా సబ్‌స్టిట్యూట్లు సంబరంలో గ్రౌండ్‌లోకి కాలు పెట్టారు, గోల్ కొట్టిన టీం మనిషి అదనంగా లోపలుంటే గోల్ రద్దు చేయాలి అని. దానికి ఆ మ్యాచ్ రిఫరీ, పోలండ్ ఆయన షిమోన్ మార్చినియాక్ ప్రెస్ మీట్‌లో ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు, ఎంబాపె గోల్ కొట్టినప్పుడు బెంచ్ మీద ఉండాల్సిన ఫ్రాన్స్ వాళ్ళు ఏడుగురు గ్రౌండ్‌లో ఉన్నారు, దీని గురించి ఎందుకు మాట్లాడరు అని. అదండీ గొడవంటే. ఇద్దరి దగ్గరా ఆధారం ఉంది, చదివేవాడు తనే తేల్చుకోవచ్చు. నా మటుకు నేను లెకిప్ మరీ వెంట్రుక చీల్చింది అనుకుంటా, ఆ సబ్‌స్టిట్యూట్ల వల్ల ఆటకి ఒరిగిందీ లేదు పోయిందీ లేదు. ఆ రిఫరీనే అర్జెంటీనా ఆటగాడు అకున్యా ఫౌల్‌కి విజిల్ వేసి ఫ్రాన్స్ కౌంటర్ ఎటాక్‌ని ఆపడం తన పొరపాటు అని కూడా ఒప్పుకున్నాడు, అంత పెద్ద మ్యాచ్ తర్వాత ఆ మాట అనడానికి చాలా ధైర్యం కావాలి. మన దగ్గర ఆ వార్త ఎంతమందికి చేరిందో మీరే ఆలోచించండి.

మన దేశం సంగతే తీసుకోండి. 2023 మార్చి 3న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నాకౌట్‌లో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఎక్స్‌ట్రా టైంలో బెంగళూరు టీం సునీల్ ఛెత్రి (మన సికింద్రాబాద్‌లో పుట్టినోడే) ఫ్రీ కిక్‌ని కేరళ బ్లాస్టర్స్ వాళ్ళు అడ్డంగా గోడలా నిలబడే లోపు కొట్టేశాడు, రిఫరీ గోల్ ఇచ్చాడు, కేరళ టీం మొత్తం గ్రౌండ్ వదిలి వెళ్ళిపోయింది. నాలుగు కోట్లు ఫైన్ పడింది, కోచ్ వుకొమనోవిచ్‌కి పది మ్యాచ్‌ల నిషేధం. అప్పుడు మా దగ్గర అందరూ అన్నది విజిల్ వేయకుండా ఎట్టా కొడతాడు అని. విజిల్ అక్కర్లేదు అండి. ఆగమని రిఫరీ చెప్పనంత వరకు ఫ్రీ కిక్ టకామని తీసుకోవచ్చు. అసలు వాదించాల్సింది ఆ రోజు రిఫరీ ఆగమన్నాడా లేదా అనేది, ఆ వాదనలో కేరళ అభిమానులకి చెప్పుకోవాల్సింది ఉంది, కానీ మా దగ్గర ఎవరూ అక్కడిదాకా రాలా.

ఇది టీ కొట్టు కబుర్ల దగ్గర ఆగిపోతే నేను ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఈ మధ్య ఊళ్ళో స్కూల్ పిల్లల మ్యాచ్ చూశా. త్రో ఇన్ (పక్క గీత దాటిన బాల్‌ని చేత్తో లోపలికి విసరడం) వేస్తే నేరుగా డిఫెండర్ల వెనకాల ఒక్కడే ఉన్న పిల్లాడి దగ్గరకి వచ్చింది, వాడు గోల్ కొట్టాడు. త్రో ఇన్ నుంచి నేరుగా వచ్చిన బాల్‌కి ఆఫ్‌సైడ్ (బాల్ ఇచ్చే టైంకి డిఫెండర్లని దాటి గోల్ వైపు ఉండటం) ఉండదు. బయట నిలబడ్డ ఒక పెద్దాయన, గోల్ తిన్న టీంలో ఒక పిల్లాడి తండ్రే, "ఆఫ్‌సైడ్ కూడా కనపడట్లేదా, నీకెవడిచ్చాడయ్యా విజిల్, ఎంత తీసుకున్నావ్" అని పిల్లలందరి ముందు అరిచాడు. రిఫరీగా ఉన్న పీఈటీ సార్ ఎండలో చెమటలు కక్కుతూ ఏమీ అనలా, బాల్ సెంటర్‌లో పెట్టించాడు. హాఫ్ టైంలో గోల్ తిన్న గోల్‌కీపర్ పిల్లాడే ఆయన దగ్గరకెళ్ళి సార్ అది ఆఫ్‌సైడ్ కాదా అని అడిగితే ఆయన రెండు వాటర్ బాటిళ్ళు నేల మీద పెట్టి చూపించి చెప్పాడు, వాడికి నిమిషంలో అర్థమైంది. ఆ తండ్రికి మాత్రం ఎవరు చెప్తారు?

అందుకే అడుగుతున్నా అండి. పెద్ద టోర్నీలు జరిగేటప్పుడు మీ స్పోర్ట్స్ పేజీలో రోజుకి ఒక్క రూల్, చిన్న బాక్స్‌లో, బొమ్మతో, మామూలు తెలుగులో వేయండి. ముందు హ్యాండ్‌బాల్‌తో మొదలెట్టండి, 2018 వరల్డ్ కప్ ఫైనల్‌లో క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి తగిలినప్పుడు రిఫరీ పిటానా మానిటర్ దగ్గరకెళ్ళి చూసి పెనాల్టీ ఇచ్చాడు, 2022లో అర్జెంటీనా ఆటగాడు మోంటియెల్ మోచేతికి తగిలితే ఇచ్చిన పెనాల్టీతో ఎంబాపె మూడో గోల్ అయింది, రెండు ఫైనల్స్‌లోనూ అదే రూల్ మీద కొట్టుకున్నాం. మీ డెస్క్ వాళ్ళకి తీరిక లేకపోతే మన గుంటూరు, విజయవాడల్లో పీఈటీలు, మ్యాచ్‌లకి విజిల్ పట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, అడిగితే సంతోషంగా రాసిస్తారు. సెమీఫైనల్స్‌కి ముందే వేయండి, ఫైనల్ రోజుకి జనం చదివేసి ఉంటారు.

ఇట్లు
ఒక ఫుట్‌బాల్ అభిమాని
బ్రాడీపేట, గుంటూరు