బ్లీచింగ్ గీతలతో రోగాలు ఆగవు

సంపాదకుడు గారికి,

బడిలో నలుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయంటే చాలు, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్కడైనా మొదట జరిగే పని ఒక్కటే. వరండా అంచున, మోరీ గట్టున ముగ్గు పోసినట్టు బ్లీచింగ్ చల్లడం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. బ్లీచింగ్ పని చేయాలంటే నీళ్లలో కరగాలి, ముందే కడిగిన చోట పడాలి, కనీసం పది నిమిషాలు తడి ఆరకుండా ఉండాలి. గట్టు మీది తెల్ల గీతలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. పిల్లలు దాన్ని తొక్కుకుంటూ తరగతిలోకి వస్తే దగ్గు, కళ్లమంట మాత్రం మిగులుతాయి.

అసలు సంచిలో ఉన్నది బ్లీచింగేనా అన్నది ముందు చూడాలి. కొత్త పొడిలో సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పిన సంచి స్టోర్ రూంలో చెమ్మకు, వేడికి నెలల తరబడి పడి ఉంటే ఆ బలం పోతుంది. గడ్డలు కట్టి, ఘాటు తగ్గిన పొడి సున్నంతో సమానం. 25 కిలోల సంచి ఒకేసారి కొని ఏడాదంతా వాడే పద్ధతి మానాలి. తయారీ తేదీ చూసి కొద్దికొద్దిగా కొని, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, ఎండ తగలని చోట పెట్టాలి.

కొలత కూడా అంతే ముఖ్యం. బల్లలు, గొళ్లేలు, నల్లా తలలు, స్విచ్చులు తుడవడానికి పది లీటర్ల బకెట్‌కు 33 గ్రాముల పొడి చాలు. కిరాణా కొట్టు కాంటా మీద ఒక్కసారి తూచి, చిన్న గిన్నె మీద గీత పెట్టుకుంటే బడి శుభ్రం చేసే స్కావెంజర్‌కు రోజూ లెక్క అడగాల్సిన పని ఉండదు. కలిపాక అడుగున సున్నం పేరుకునేదాకా ఆగి పైతేటనే వాడాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. స్విచ్చులను ఆపి, పిండిన గుడ్డతో తుడవాలి. ముందు సబ్బు నీళ్లతో కడగకుండా ఈ ద్రావణం పోస్తే క్లోరిన్ అంతా మురికితోనే సరిపోతుంది, క్రిముల దాకా రాదు.

తరగతిలో ఎవరైనా వాంతి చేసుకుంటే చీపురుతో ఊడ్చేయడం అన్నిటికన్నా ప్రమాదం. తుంపర్లు లేచి పక్క బల్లల మీద పడతాయి. పిల్లలను బయటికి పంపి, తలుపులు, కిటికీలు తెరిచి, వాంతి మీద పాత వార్తాపత్రికలు గానీ గుడ్డలు గానీ కప్పి, లీటరు నీళ్లకు 17 గ్రాముల పొడి కలిపిన ద్రావణం పోసి పది నిమిషాలు ఆగాలి. తర్వాత గ్లవ్స్ వేసుకుని అంచుల నుంచి మధ్యకు ఎత్తి కవర్లో కట్టేయాలి. ఆ చోటు సబ్బుతో కడిగి, మళ్లీ అదే ద్రావణం పోసి ఇంకో పది నిమిషాలు ఉంచాలి. తెల్ల ఫినాయిల్ వాసన బాగుంటుందేమో గానీ వాంతుల వైరస్‌ల మీద దాన్ని నమ్ముకోలేం. సానిటైజర్ కూడా ఇక్కడ సబ్బుకు సాటి రాదు. ఇంకొకటి, మరుగుదొడ్డిలో యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ వేస్తే విష వాయువు లేస్తుంది. తలుపు మూసుకుని కడిగే మనిషికి అది ప్రాణాంతకం. ఆ పని ఎప్పుడూ పిల్లల చేత చేయించొద్దు.

తాగే నీళ్ల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. డ్రమ్ములో గొలుసు గ్లాసు ముంచి అందరూ తాగే బడుల్లో ఒక్కడి చేతి మురికి అందరి కడుపులోకి పోతుంది. డ్రమ్ముకు నల్లా బిగిస్తే ఆ బాధ తీరిపోతుంది. మిషన్ భగీరథ నీళ్లు క్లోరిన్‌తోనే వచ్చినా, మూత లేని ట్యాంకులో నిలిస్తే అది ఎగిరిపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి గోడలు బ్రష్‌తో తోమి, నింపాక వెయ్యి లీటర్లకు 170 గ్రాముల బ్లీచింగ్ కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున ఆ నీళ్లు పూర్తిగా వదిలేసి కడగాలి. రోజువారీగా అయితే వెయ్యి లీటర్లకు 4 గ్రాములతో మొదలుపెట్టి, అరగంట తర్వాత క్లోరోస్కోప్‌తో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ కొలిచే పరికరం) చూడాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, రోగం ఉన్నప్పుడు 0.5. అంతకు తగ్గితే మోతాదు పెంచాలి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బోర్ల సంగతి వేరు, అది బ్లీచింగ్‌తో గానీ కాచడంతో గానీ పోదు.

చేతుల విషయానికొస్తే, రెండు వందల మంది, నాలుగు నల్లాలు, ఒక్కొక్కరికి అర నిమిషం. మొత్తం 25 నిమిషాలు. భోజనం గంట కొట్టాక అంతసేపు ఆగమంటే ఏ పిల్లాడూ ఆగడు, తడి చేతులు లాగుకు తుడుచుకుని పళ్లెం పట్టుకుంటాడు. తరగతుల వారీగా వదలాలి, లేదా పది అడుగుల పైపుకు ఆరు నల్లాలు బిగించాలి. సబ్బు బిళ్లలు మాయమవుతున్నాయని కొనడం మానేశారు. లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల డిటర్జెంట్ కలిపి, మూతకు చిల్లులు పెట్టిన సీసాలో పోసి తాడుతో వేలాడదీస్తే దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు.

హాస్టళ్లలో గజ్జి వస్తే ఒక్కరికే మందు రాసి లాభం లేదు. డాక్టరు చెప్పిన మందు గదిలో అందరికీ ఒకే రోజు రాసి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఆటలమ్మ పోసిన పిల్లలను పొక్కులన్నీ పక్కు కట్టేదాకా విడిగా ఉంచాలి. హాజరు శాతం పడిపోతుందని వాళ్లను ముందే తరగతికి రప్పిస్తే గది మొత్తం ఖాళీ అవుతుంది.

వీటిలో వేలు ఖర్చయ్యేవి లేవు. జూన్‌లో బడులు తెరిచేలోపు ప్రతి మండలానికి రెండు క్లోరోస్కోప్‌లు ఇచ్చి, మండల విద్యాధికారులు (ఎంఈవోలు) తనిఖీకి వెళ్లినప్పుడు నీళ్లలో క్లోరిన్ ఎంత వచ్చిందో, నల్లా దగ్గర సబ్బు ఉందో లేదో రిజిస్టరులో రాయించాలని ఈ ఉమ్మడి జిల్లాల పరిధిలోని కలెక్టర్లను కోరుతున్నాం. బ్లీచింగ్ చల్లిన ఫొటోలు అడగడం ఆపేస్తే ఇంకా మంచిది.

- విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకులు, దేవరకొండ