జవాబుతో పాటు దారి కూడా చూపండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ వచ్చే గూఢార్థ పదకేళిని, అంటే జవాబును మాటల చమత్కారంలో దాచి అడిగే గళ్ల ఆటను, ఏళ్ల తరబడి పూరిస్తున్న పాఠకురాలిని. ఒక విన్నపం చేసుకోవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మర్నాటి సంచికలో జవాబులు వేసేటప్పుడు, ఆ జవాబు ఎలా వచ్చిందో కూడా దయచేసి చెప్పండి. ఇప్పుడు మీరు వేస్తున్నది నింపేసిన గళ్ల బొమ్మ మాత్రమే. అందులో మాట కనిపిస్తుంది కానీ ఆ మాటకు చేరే దారి కనిపించదు.

ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది మొన్న సెలవుల్లో. మా మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని గడి నింపుతున్నాను. పధ్నాలుగేళ్ల పిల్ల, చదవడమంటే ఇష్టం. ఆ రోజు ఒక ఆధారం ఇలా ఉంది, చివరి అంకె జవాబుకు ఎన్ని గళ్లో చెబుతుంది: “నరం మధ్యలోకి గజం తల దూరిస్తే పట్టణం (3)”. కావాలనే నేను సాయం చెయ్యలేదు. తనకు తట్టలేదు. మర్నాడు పేపరు రాగానే తనే తెరిచి చూసింది. “నగరం” అని ఉంది. “పట్టణం అంటే నగరం, సరే అత్తా. మరి ఈ నరమూ, ఏనుగూ ఎందుకు? మనల్ని తికమక పెట్టడానికి ఊరికే రాశారా?” అని అడిగింది.

అందులో ఊరికే రాసిన ముక్క ఒక్కటి కూడా లేదు. గజం అనే మాటకు తల “గ”. దాన్ని “నరం” మధ్యలో పెడితే నగరం. ఇది చెప్పాక తను కాగితం మీద “గ”ను వేలితో మూసి చూసింది, వేలు తీసి చూసింది. సెలవులు అయ్యేదాకా పొద్దున్నే పేపరు నాకంటే ముందు తనే అందుకుంది. పక్కన చెప్పేవాళ్లు లేని పిల్లల సంగతి ఏమిటి? “పట్టణం” ఒక్కటే అసలు ఆధారం, మిగతాదంతా గందరగోళం అనుకుని రెండు రోజులు చూసి పేజీ తిప్పేస్తారు. పిల్లలే కాదు, నలభై ఏళ్లుగా పేపరు చదువుతున్నవాళ్లలో కూడా ఈ గళ్లను ముట్టుకోనివారు నాకు ఎందరో తెలుసు. అడిగితే అందరిదీ ఒకటే మాట: “అది మనకు అర్థమయ్యేది కాదు.” అర్థం కాకపోవడం వాళ్ల తప్పు కాదు. ఎలా అర్థం చేసుకోవాలో పత్రిక ఏనాడూ చెప్పలేదు.

చెప్పడం కష్టమా అంటే, కాదు. గూఢార్థ ఆధారంలో ఉండేవి రెండే భాగాలు. మొదట్లోనో చివరలోనో జవాబుకు అర్థం ఉంటుంది. మిగిలిన భాగంలో ఆ జవాబును అక్షరాలతో ఎలా కట్టాలో ఉంటుంది, లేదా దాని రెండో అర్థం ఉంటుంది. ఆ రెండూ అతుక్కుపోయి మామూలు వాక్యంలా కనిపించడమే కూర్పరి, అంటే గడిని తయారుచేసేవారి, నేర్పు. “నవల తారుమారైన కారణంగా (3)” అన్న ఆధారం చూడండి, ఇది నేను కూర్చినదే. చదివితే ఎవరో రచయిత గోడులా ఉంటుంది. నిజానికి న-వ-ల అనే మూడక్షరాలను చోటు మారిస్తే “వలన”, అంటే “కారణంగా”. “కలం తిరగబడితే రావణుడి రాజ్యం (2)” అంటే లంక. “స్వప్నం పక్కన దేవుడిచ్చిన దీవెన చేరినా ఆందోళనే (4)” అంటే కల, వరం కలిసి కలవరం. “నోట్లో ఉన్నా ప్రభుత్వానికి కట్టవలసిందే (2)” అంటే పన్ను. ఈ నాలుగు కిటుకులూ తెలిసినవారు ఐదోది తమంతట తామే పట్టుకుంటారు. మొదటి నాలుగూ ఎవరో ఒకరు చేయి పట్టి చూపించాలి.

ఈ ఆట మనకు పరాయిది అనేవారున్నారు, అది నేను ఒప్పుకోను. గళ్ల రూపం బయటి నుంచి వచ్చిన మాట నిజమే. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన పదకేళితో అది మొదలైంది. ఇలా గూఢంగా అడిగే పద్ధతి ఆ తరువాత ఇంగ్లండు పత్రికల్లో పెరిగింది. కానీ మాటను విరిచి, తిప్పి, రెండర్థాల్లో పలికించడం మనవాళ్లు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ప్రహేళికలను, అంటే పొడుపు పద్యాలను, పదహారు రకాలుగా విడదీసి చెప్పాడు సంస్కృత ఆలంకారికుడు దండి. రామాయణ, భారత కథలు రెండింటినీ ఒకే పద్యాల్లో నడిపి “రాఘవపాండవీయము” రాశాడు పింగళి సూరన. ఆ తరువాత గళ్లు వచ్చినప్పుడు శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ల నుడికట్లు కూర్చారు. అంతటి కవులు మనసుపెట్టి చేసిన పని ఇది.

పైగా తెలుగు గడికి తనదైన స్వభావం ఉంది. ఇంగ్లీషు గడిలో అడ్డం, నిలువు కలిసేచోట దొరికేది ఇరవయ్యారింటిలో ఒక అక్షరం. మనకు “కి” దొరికితే హల్లూ, అచ్చూ రెండూ దొరికినట్టే. అందువల్ల మూడు గళ్ల మాటకు ఒక్క అక్షరం పడినా చాలాసార్లు మిగతాది తట్టేస్తుంది. చిక్కులూ ఉన్నాయి. “వనం” రెండు గళ్లు, “వనము” మూడు. అంకె చూసుకుంటే సరిపోతుంది. కానీ “నీళ్ళు”, “నీళ్లు” రెండూ రెండేసి గళ్లే. చివరి గడిని దాటే నిలువు మాటకు “ళ్ళు” కావాలో, “ళ్లు” కావాలో ఎవరు చెప్పాలి? ఇలాంటివి వివరణలో ఒక్క మాటతో తేలిపోతాయి. ఇప్పుడు తేలక, మా ఇంట్లో వాదులాటలుగా మిగిలిపోతున్నాయి.

వివరణ అడగడానికి ఇంకొక కారణం కూడా ఉంది, నాకు ఇది మరీ ముఖ్యం. కొన్ని రోజుల జవాబులు చూశాక కూడా ఎంత ఆలోచించినా దారి దొరకదు. తప్పు నాదా, ఆధారానిదా అన్నది తెలుసుకునే వీలే లేదు. ఇందాకటి “నవల” ఆధారాన్నే “పెద్ద కథ తారుమారైన కారణంగా” అని ఇచ్చారనుకోండి. పెద్ద కథ అంటే నవల అని ముందు ఊహించాలి, ఆ ఊహ సరైనదో కాదో తెలియకుండానే దాని అక్షరాలు మార్చాలి. అది పూరించేవారికి అన్యాయం. అఫ్రిట్ అనే కలంపేరుతో రాసిన ఇంగ్లీషు కూర్పరి 1949లోనే ఈ ధర్మాన్ని చెప్పాడు: మాటలకు పైకి కనిపించే అర్థమే కూర్పరి ఉద్దేశం కానక్కరలేదు, కానీ అతను ఉద్దేశించిన అర్థం మాత్రం ఆ మాటల్లో ఉండి తీరాలి. మర్నాడు పదిమందికీ విప్పి చూపించాలని తెలిసిన కూర్పరి ఈ ధర్మం తప్పడు.

అలాగే కూర్పరి పేరు, కనీసం కలంపేరు వేయండి. రోజూ ఎవరి బుద్ధితో మేము తలపడుతున్నామో తెలుసుకోవాలని ఉంటుంది. ఇంగ్లండు గార్డియన్ పత్రికలో అరౌకేరియా పేరుతో దశాబ్దాల పాటు గళ్లు కూర్చిన జాన్ గ్రాహం, తనకు అన్నవాహికలో క్యాన్సర్ వచ్చిందన్న కబురును 2013 జనవరిలో గడి ద్వారానే పాఠకులకు తెలియజేశారు. గడి పైన చిన్న వాక్యం, అందులో కొన్ని మాటల బదులు ఆధారాల అంకెలు. ఆ అంకెల గళ్లు నింపినవారికే సంగతి తెలిసింది. ముఖం చూడని మనుషుల మధ్య అంతటి చనువు ఏర్పడిందంటే, ముందు ఆ కూర్పరికి ఒక పేరంటూ ఉండబట్టే కదా.

చోటు చాలదంటారేమో. నింపిన గళ్ల బొమ్మ తీసేయండి. మా గళ్లు మా దగ్గరే ఉన్నాయి, దాని అవసరం లేదు. అదే చోటులో జవాబులను వరసగా, చిన్న అక్షరాల్లో ఇలా వేస్తే సరిపోతుంది: “న(గ)రం, కల+వరం, లంక: కలం తిరగబడి, పన్ను: రెండర్థాలు.” ఒక్కోదానికి నాలుగు మాటలకు మించి పట్టదు. కూర్పరి దగ్గర ఇదంతా ఎలాగూ రాసుకునే ఉంటుంది కాబట్టి కొత్తగా చేయవలసిన పనేమీ లేదు. విప్పి చెబితే రుచి పోతుందన్న వాదన నేనూ విన్నాను. మర్నాడు చెబుతున్నారు కదా, ఆ రోజంతా ఆలోచించుకునే సమయం ఎవరికీ తగ్గదు.

రోజూ వీలు కాకపోతే ముందు ఆదివారం గడితో మొదలుపెట్టండి. నేను, మా మేనకోడలు ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
మీ పాఠకురాలు