ఫ్యూజు బోర్డు మార్చే ముందు తీగలను పరీక్షించాలి

సంపాదకులకు,

ఆర్యా,

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ పట్టణాల పాత వీధుల్లో దశాబ్దాల నాటి వైరింగే ఇంకా నడుస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అటువంటి ఇళ్లవారు ఇప్పుడు పింగాణీ ఫ్యూజుల బోర్డు తీసేసి ఎంసీబీలు (లోడు మించితే తామే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చులు) ఉన్న కొత్త బాక్సు పెట్టించుకుంటున్నారు. ఇది మంచి మార్పే. కానీ గోడలోని తీగలను, ఎర్తింగును (లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటును) పరీక్షించకుండా బాక్సు ఒక్కటే మార్చి, ఇక ఇంటికి భయం లేదని నమ్మడం ప్రమాదకరం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ బోధించిన అనుభవంతో ఈ విషయం పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

ఆ ఇళ్లకు వైరింగ్ చేసిన రోజుల్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియోకు సరిపడా తీగ వేశారు. అదే తీగ మీద నేడు ఫ్రిజ్, కూలర్, నీళ్ల మోటారు, గీజరు నడుస్తున్నాయి. రెండు కిలోవాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే లావుపాటి రాగి పోగులు మెలిపెట్టి కట్టడం మనకు అలవాటు. అప్పుడు ఫ్యూజు కరగదు, దాని బదులు గోడలోని తీగ కాలుతుంది. ఎంసీబీ వచ్చినా ఈ అలవాటు పోలేదు. 10 ఆంపియర్లది పడిపోతోందని 32 ఆంపియర్లది పెట్టేవారు ఉన్నారు. ఎంసీబీ సైజు తీగ మందాన్ని బట్టి నిర్ణయించాలి తప్ప మన అవసరాన్ని బట్టి కాదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 32 ఆంపియర్ల ఎంసీబీ అధిక లోడు నుంచి రక్షణ ఇవ్వదు.

పాత మెయిన్ స్విచ్చుల్లో ఫేజుకు (కరెంటు వచ్చే తీగకు) ఒకటి, న్యూట్రల్‌కు (అది తిరిగి వెళ్లే తీగకు) ఒకటి చొప్పున రెండు ఫ్యూజులు కనిపిస్తాయి. న్యూట్రల్ ఫ్యూజు పోతే దీపాలు ఆరిపోతాయి గానీ తీగల్లో ఫేజు అలాగే ఉంటుంది. కరెంటు లేదనుకుని హోల్డరులో చెయ్యి పెట్టినవారి ప్రాణానికే ముప్పు. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు ఉండకూడదని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే చెప్పాయి. ఈ ఒక్క కారణానికైనా పాత బోర్డు మార్చవలసిందే.

అయితే ఎంసీబీ మనిషిని షాక్ నుంచి కాపాడదు. అది లోడు పెరిగినప్పుడు, షార్ట్ అయినప్పుడు మాత్రమే పడిపోతుంది. ఎండాకాలంలో ఇనుప కూలరు ముట్టుకున్నప్పుడు, వానాకాలంలో తడిబట్టలు దండెం తీగ మీద వేసినప్పుడు మనిషి ఒంట్లోంచి పారే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. ప్రాణం తీయడానికి అది చాలు, ఎంసీబీని పడగొట్టడానికి మాత్రం చాలదు. అందుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే పడిపోయే స్విచ్చు) కావాలి. పాత ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఒక గది న్యూట్రల్ మరో గదిదానితో కలిసిపోయి ఉన్నా, ఎప్పుడో న్యూట్రల్ తెగితే ఎర్త్ తీగనే దాని బదులు వాడుకుని అలాగే వదిలేసినా, తడిసిన గోడలో రబ్బరు తొడుగు పెళుసుబారి ఊడినా, ఆర్‌సీసీబీ నిలవదు, మాటిమాటికీ పడిపోతుంది. పెట్టిన మర్నాడే అది పనికిమాలినదని నిందించి, పక్కనుంచి తీగ కలిపి దాన్ని తప్పించేస్తున్నారు. అది నిలవకపోవడమే వైరింగులో దోషం ఉందనడానికి గుర్తు. దాన్ని తప్పించడమంటే ఇంటిల్లిపాదినీ ఆ దోషానికి అప్పగించడమే.

కాబట్టి బాక్సు కొనే ముందే మెగ్గర్‌తో (తీగ తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరంతో) పరీక్ష చేయించాలి. మెయిన్ ఆపాలి, ఇన్వర్టరు కూడా ఆపాలి (చాలామంది దీన్ని మరచిపోతారు), ప్లగ్గులన్నీ తీసేయాలి. అప్పుడు 500 వోల్టుల మెగ్గర్‌తో తీగకూ ఎర్త్‌కూ మధ్య చూస్తే కనీసం ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌ల నిరోధం) రావాలి. రాని సర్క్యూటుకు కొత్త తీగ లాగించడం తప్ప వేరే దారి లేదు. మూడు రంధ్రాల సాకెట్లు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పై రంధ్రానికి తీగే తగిలించని సాకెట్లు పాత ఇళ్లలో తరచుగా కనిపిస్తాయి. మన రాతి నేలలో ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోతుంది గనుక నీళ్లు పోస్తూ ఉండాలి, ఏటా కొలిపించాలి.

మీటరు దాటిన తర్వాత వైరింగు బాధ్యత ఇంటివారిదే. కానీ అద్దె ఇళ్లలో ఉండేవారు యజమానిని అడగలేరు, పేదలు పరీక్ష కోసం విడిగా ఖర్చు పెట్టలేరు. అందువల్ల దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ, విద్యుత్ తనిఖీ శాఖ కలిసి, ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులను బోధకుల పర్యవేక్షణలో వెంటబెట్టుకుని, వానలు మొదలయ్యేలోగా పాత వార్డుల్లో ఇంటింటికీ ఉచితంగా మెగ్గర్, ఎర్త్ పరీక్షలు జరిపించి, వచ్చిన కొలతలు కాగితం మీద రాసి ఇవ్వాలని కోరుతున్నాను. బోర్డు మార్చే కాంట్రాక్టర్లు కూడా బిల్లుతో పాటు ఆ కొలతల కాగితం తప్పనిసరిగా ఇచ్చేలా తనిఖీ శాఖ ఆదేశించాలి.

ఇట్లు,
ఐటీఐ విశ్రాంత బోధకుడు,
నల్గొండ