హాస్యానికి వరుస సంఖ్యలు ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ ఆదివారం అనుబంధంలో ప్రపంచ ప్రఖ్యాత స్టాండప్ కమెడియన్లను ఒకటి నుంచి పది వరకు వరుసపెట్టి ప్రచురించిన వ్యాసాన్నీ, తరువాతి వారాల్లో దాని మీద వచ్చిన పాఠకుల ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది తమ అభిమాన కమెడియన్‌కు ఆ పట్టికలో చోటు దక్కలేదనో, దక్కినా కింది వరుసలో కూర్చోబెట్టారనో నొచ్చుకున్నారు. మిగిలినవారు ‘లోకో భిన్న రుచిః’ అని ఒక్క మాట అనేసి చర్చకు తెర దించారు. నాకు ఈ రెండు పద్ధతులూ సబబుగా తోచలేదు. హాస్యకారులకు ర్యాంకులు వేయడం ఎంత వ్యర్థమో, ఎవరి ఇష్టం వారిదని చేతులు దులుపుకోవడమూ అంతే వ్యర్థం. ఒక కమెడియన్ ఏం చేయబోయాడు, దాన్ని ఎంత నేర్పుగా చేశాడు అన్నది ఒక ప్రశ్న. అది విన్నప్పుడు నాకు నవ్వు వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదాన్ని కారణాలు చూపి వాదించవచ్చు. రెండోదానికి వాదన అక్కరలేదు గానీ దాన్ని దాచిపెట్టాల్సిన పనీ లేదు. మీ వ్యాసంలో ఈ రెండూ కలగాపులగమైపోయాయి.

ఆ పట్టికలో అమెరికన్ కమెడియన్ రిచర్డ్ ప్రయర్‌కు అగ్రస్థానం ఇచ్చారు. ఆయన గొప్పదనాన్ని కాదనేవారు అరుదు. వాషింగ్టన్‌లోని కెనడీ సెంటర్ అనే కళాకేంద్రం వారు రచయిత మార్క్ ట్వేన్ పేరిట హాస్య పురస్కారం నెలకొల్పి 1998లో మొట్టమొదట ఇచ్చింది ఆయనకే. 1979లో విడుదలైన ఆయన ప్రదర్శన చిత్రంలో తనకు గుండెపోటు వచ్చిన వైనాన్ని ఆయన మాటలతో చెప్పి ఊరుకోడు, ఆడి చూపిస్తాడు. గుండె గొంతు పెంచి గద్దిస్తుంటే ఈయన బతిమాలుకుంటూ కూలబడిపోతాడు. బెదిరించేదీ ఆయనే, బెదిరిపోయేదీ ఆయనే. చావుభయాన్ని అంత దగ్గరగా చూపిస్తూ జనం పగలబడి నవ్వేలా చేయడం సామాన్యమైన విద్య కాదు.

అయితే మరో అమెరికన్ కమెడియన్ బాబ్ న్యూహార్ట్ పేరు ఆ పట్టికలో ఎక్కడా కనిపించలేదు. ఆయన దారి ప్రయర్ దారికి పూర్తిగా ఎదురు. ఒకప్పుడు అకౌంటెంట్‌గా పనిచేసిన ఆ మనిషి, టెలిఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, ఇవతలివైపు సంభాషణ మాత్రమే మనకు వినిపిస్తాడు. అబ్రహాం లింకన్‌కు ఒక ప్రచార నిపుణుడు ఫోనులో సలహాలు ఇస్తున్నట్టు సాగే ఆయన అంశాన్నే చూడండి. లింకన్ ఏమంటున్నాడో మనకు వినపడదు. న్యూహార్ట్ కాస్త తడబడి, ఒక్క క్షణం ఆగి, అవతలి మాట విన్నట్టు ముఖం పెట్టి, విసుగును మర్యాద చాటున దాచుకుని మళ్లీ అందుకుంటాడు. ఆ ఆగిన క్షణంలో లింకన్ మాటను కల్పించుకునేది శ్రోతే. అంటే జోకులో సగం శ్రోత బుర్రలోనే తయారవుతుంది. 1960లో హ్యూస్టన్‌లోని ఒక క్లబ్బులో రికార్డు చేసిన ఆయన తొలి ఆల్బమ్, ఫ్రాంక్ సినాట్రా, నాట్ కింగ్ కోల్ వంటి గాయకుల ఆల్బమ్‌లు పోటీలో ఉండగా, 1961 గ్రామీలలో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ పురస్కారాన్ని గెలుచుకుంది. ఒకరు ఏమీ దాచకుండా ఒళ్లంతా కదిలించి నవ్విస్తే, మరొకరు సగం దాచిపెట్టి నవ్విస్తారు. ఒకరిని నిచ్చెన పైమెట్టు మీద నిలబెట్టి, మరొకరిని నిచ్చెన దరిదాపులకే రానివ్వకపోవడానికి వ్యాసకర్త వాడిన కొలమానం ఏమిటో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

నా మట్టుకు నాకు స్టీవెన్ రైట్ అనే అమెరికన్ కమెడియన్ అంటే ప్రాణం. ముఖంలో ఏ భావమూ లేకుండా, గొంతులో హెచ్చుతగ్గులు లేకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేని చిన్న చిన్న వాక్యాలు చెప్పుకుంటూ పోతాడు. ప్రతి వాక్యమూ మామూలుగా మొదలై, చివరి రెండు మూడు మాటల్లో లోకాన్ని తలకిందులు చేస్తుంది. మనం తేరుకునేలోపు ఆయన ఇంకో లోకంలో ఉంటాడు. 1982లో అమెరికా టీవీలో జానీ కార్సన్ నడిపే కార్యక్రమంలో తొలిసారి కనిపించినప్పుడు, వారం తిరక్కుండానే ఆయన్ను మళ్లీ పిలిపించుకున్నారు. ఇదే మనిషిని మా అక్కయ్యకు చూపిస్తే, పది నిమిషాలు ఓపిక పట్టి, “పాపం, ఆయనకు ఒంట్లో బాగాలేదా?” అని అడిగింది. ఆమెకు కథ కావాలి. మనుషులు, వాళ్ల పోట్లాటలు, అనుకరణలు కావాలి. నేను మెచ్చుకునే పొదుపు ఆమెకు పిసినారితనంగా కనిపిస్తుంది. ఆమెకు హాస్యదృష్టి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంట్లో నలుగురినీ కూర్చోబెట్టి నవ్వించేది ఆవిడే. (నా జోకులకు మాత్రం ఎవరూ నవ్వరు; అది ఈ ఉత్తరానికి సంబంధించిన విషయం కాదు.)

ఇష్టాలు ఇంతగా వేరుపడటానికి కారణం వెతికినవారు లేకపోలేదు. పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే పరిశోధకులు 2010లో ప్రచురించిన వివరణ ప్రకారం, ఒక విషయం హద్దు మీరినట్టూ ఉండాలి, అదే క్షణంలో దానివల్ల ఏ హానీ లేదనీ అనిపించాలి. అప్పుడే నవ్వు పుడుతుంది. హద్దు మీరడం మాత్రమే కనిపించినవారికి కోపం వస్తుంది, హాని లేకపోవడం మాత్రమే కనిపించినవారికి ఆవలింత వస్తుంది. ఆ హద్దు ఎక్కడుందన్నది ఎవరి జీవితాన్ని బట్టి వారికి మారుతుంది. ఈమధ్యే ఆప్తులను పోగొట్టుకున్నవారికి చావు మీద చెప్పిన జోకు గుచ్చుకుంటుంది. అదే జోకు పక్క కుర్చీలో కూర్చున్నవారికి భయాన్ని కాసేపు దించుకునే వీలు కల్పిస్తుంది. కేవలం మాటల విరుపు మీద ఆధారపడిన చమత్కారానికి ఈ సూత్రం అంత బాగా అతకదని నాకు అనిపిస్తుంది గానీ, వేదిక మీది హాస్యంలో వచ్చే తగాదాలకు మాత్రం సరిగ్గా సరిపోతుంది.

అమెరికన్ కమెడియన్ జార్జ్ కార్లిన్ విషయంలో జరిగిందే తీసుకుందాం. టెలివిజన్‌లో ఎన్నడూ పలకకూడని ఏడు మాటల గురించి ఆయన 1972 నుంచి వేదికల మీద చెప్పినప్పుడు హాలు హాలంతా నవ్వింది. దానికి కొనసాగింపుగా చేసిన అంశాన్ని న్యూయార్క్‌లోని ఒక రేడియో కేంద్రం 1973లో మధ్యాహ్నం వేళ ప్రసారం చేస్తే, కొడుకుతో కలిసి కారులో వెళుతూ విన్న ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు. ఆ వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1978లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలవగా, ప్రసార నియంత్రణ సంస్థకు అనుకూలంగా తీర్పు వచ్చింది. హాలులో టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నవాడికీ, పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని రేడియో పెట్టినవాడికీ ఒకే హాస్యం ఒకేలా ఎలా వినిపిస్తుంది? ఆ తండ్రిని రసహీనుడని ఎద్దేవా చేయడం తేలిక. కానీ ఆయన విన్న చోటు వేరు, ఆ సమయంలో ఆయన బాధ్యత వేరు. ఎవరితో కలిసి వింటున్నామన్నది మనం అనుకునేదానికంటే పెద్ద విషయం. నవ్వు మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్, ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని గమనించాడు. నిండిన హాలులో కడుపుబ్బ నవ్వించిన ప్రదర్శన, రాత్రిపూట ఒంటరిగా ఫోనులో చూస్తే చప్పగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. మీ వ్యాసకర్త ఆ పదిమందిని ఎక్కడ, ఎలా చూశారో ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది.

పురస్కారాల మాట కూడా ఉత్తరాల్లో వచ్చింది గనుక చెబుతున్నాను. 2017లో ఎడిన్‌బరో కామెడీ పురస్కారాన్ని హన్నా గాడ్స్‌బీ, జాన్ రాబిన్స్ అనే ఇద్దరు కమెడియన్లకు కలిపి ఇచ్చారు. 2023లో అంతర్జాతీయ ఎమ్మీ టీవీ పురస్కారాల హాస్య విభాగంలో వీర్ దాస్ ప్రదర్శనకూ, ‘డెర్రీ గర్ల్స్’ అనే ధారావాహికకూ సరిసమానంగా బహుమతి దక్కింది. హాస్యాన్ని తూచడానికే కూర్చున్న న్యాయనిర్ణేతలు కూడా ఇద్దరిలో ఒకరిని తేల్చలేక ఊరుకున్న సందర్భాలివి. వారాంతపు అనుబంధం పదిమందిని అంత ఖచ్చితంగా తేల్చేయడం చూస్తే ముచ్చటేస్తుంది. గాడ్స్‌బీకి ఆ బహుమతి తెచ్చిన ప్రదర్శన మీద జరిగిన వాదన ఇంకా ఆసక్తికరం. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఆ ప్రదర్శనలో, జోకు అంటే ముందు ఉద్వేగాన్ని పెంచి తరువాత దాన్ని వదిలించడమేనని వివరించి, ఇకమీదట ఆ ఉద్వేగాన్ని ప్రేక్షకుల కోసం తాను వదిలించనని ప్రకటించి, చివరి భాగమంతా నవ్వుకు తావివ్వకుండా నడిపారు. అది కామెడీయే కాదని కొందరు కొట్టిపారేశారు. నాకు ఆ చివరి భాగంలో ఒక్కసారీ నవ్వు రాలేదు, రావాలని ఆశించనూ లేదు. కానీ జోకు నిర్మాణాన్ని విప్పి చూపించి, ఆ విప్పడాన్నే ఆయుధంగా వాడిన నేర్పును చూడకపోతే అది విమర్శ ఎలా అవుతుంది?

కాలం గడిచేకొద్దీ నవ్వు ఆవిరైపోయి నేర్పు మాత్రం మిగిలే సందర్భాలూ ఉన్నాయి. లెనీ బ్రూస్ అనే అమెరికన్ కమెడియన్‌కు, వేదిక మీద అన్న మాటలకు గాను, అశ్లీలత నేరం కింద 1964లో న్యూయార్క్ న్యాయస్థానం శిక్ష వేసింది. ఆయన 1966లో చనిపోతే, ఆ రాష్ట్ర గవర్నరు క్షమాభిక్ష ప్రకటించింది 2003లో. ఇవాళ ఆయన రికార్డింగులు వింటే ఆనాటి రాజకీయాలు, ఆనాటి పేర్లు తెలియక సగం మాటలు జారిపోతాయి. తరువాతి తరానికి వేదిక మీద నోరు విప్పే వీలు కల్పించినవాడిగా ఆయనను గౌరవిస్తాను. నవ్వుకోవడానికి మాత్రం ఆయనను వెతుక్కోను. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట రావడంలో వైరుధ్యం ఏమీ లేదు.

చివరగా, కుర్రకారు ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన క్లిప్పుల సంగతి. నిమిషం లోపు వీడియో చూసి ఒకరిని ఆకాశానికెత్తడం, ఇంకొకరిని తీసిపారేయడం మామూలైపోయింది. ఈ వీడియోల్లో చాలావాటిలో కమెడియన్ ముందు వరుసలోని ప్రేక్షకుణ్ని పట్టుకుని ఆటపట్టిస్తూ ఉంటాడు. దానికి ఒక వ్యాపార కారణం ఉంది: నెలల తరబడి చెక్కిన జోకులను ముందే ఇంటర్నెట్‌లో పెట్టేస్తే హాలుకు వచ్చినవారికి కొత్తదనం ఉండదు, అప్పటికప్పుడు పుట్టిన సంభాషణను పెడితే పోయేదేమీ లేదు. అలాంటి సమయస్ఫూర్తి కూడా విద్యే, కాదనను. కానీ గంట ప్రదర్శనలో మొదట్లో అలవోకగా విసిరిన మాటను యాభయ్యో నిమిషంలో మళ్లీ అందుకుని హాలును కుదిపేసే కమెడియన్‌కు ఆ పద్ధతిలో అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే ఆ నవ్వును కత్తిరించి చూపించడం కుదరదు.

అందుచేత నా విన్నపం ఇది. ఇకమీదట కామెడీ మీద వ్యాసం వేసేటప్పుడు పట్టికకు బదులు ఒక్క ప్రదర్శనను తీసుకుని, ఆ కమెడియన్ కథలు చెబుతాడా, ఒంటివాక్యపు చమత్కారాలు విసురుతాడా, ప్రేక్షకులతో ఆడుకుంటాడా, ఎవరిని గేలి చేస్తాడు, పిల్లలతో కలిసి వినదగినదేనా అన్నది ముందు చెప్పించండి. జోకులను మాత్రం పూర్తిగా రాసి పాడుచేయకుండా చూడండి. సమీక్షకుడికి నవ్వు వచ్చిందో లేదో, వస్తే ఎక్కడ వచ్చిందో ఆ తరువాత నిర్మొహమాటంగా రాయమనండి. పాఠకుల ఉత్తరాలకు కూడా అదే షరతు పెట్టవచ్చు: అభిమాన కమెడియన్ పేరు రాసేవారు, ఆయనదో ఆమెదో తమకు నచ్చిన ఒక్క ఘట్టాన్ని వివరించి రాయాలి. అలా అయితే స్టీవెన్ రైట్ మీద మొదటి ఉత్తరం నేను రాస్తాను, దానికి జవాబు రాయడానికి మా అక్కయ్య ఇప్పటికే సిద్ధంగా ఉంది.

ఇట్లు,
భవదీయుడు,
మీ పాఠకుడొకరు