పాత షికారు రైఫిల్‌కి ధర కట్టేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మన హైదరాబాద్‌లో పాత కుటుంబాల దగ్గర తాతల నాటి షికారు రైఫిళ్లు ఇంకా ఉన్నాయి, అవి ఇప్పుడు వారసుల చేతికొస్తున్నాయి, ఎంతకి అమ్మాలో సరిగ్గా చెప్పే మనిషి మాత్రం దొరకట్లేదు. మా మేనమామ పోయాక ఆయన రైఫిల్ విషయంలో మా అత్తయ్య పడుతున్న ఇబ్బంది దగ్గరుండి చూస్తున్నా కాబట్టి రాస్తున్నా. ఒక షాపాయన పైపైన చూసి "పాత ఇనుమమ్మా, ఇంతకంటే రాదు" అన్నాడు. అమెరికాలో ఉన్న కొడుకేమో అక్కడి వేలం రేట్లు చూసి డాలర్లని రూపాయల్లోకి మార్చి లక్షలొస్తాయన్నాడు. రెండూ తప్పే.

అక్కడి రేటు ఇక్కడ పనికిరాదండి, ఎందుకంటే ఇక్కడ కొనేవాళ్లే తక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు దాదాపు ఆగిపోయింది, 2019 డిసెంబర్‌లో ఆర్మ్స్ యాక్ట్ మార్చి ఒక మనిషికి మూడు తుపాకులు ఉండేదాన్ని రెండు చేశారు, మూడోది ఏడాదిలోపు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో పెట్టాలన్నారు. అంటే అమ్మేవాళ్లు పెరిగారు, లైసెన్స్‌లో ఖాళీ ఉన్న కొనేవాళ్లు తగ్గారు. పైగా ఒకరి నుంచి ఒకరికి అమ్మాలంటే 45 రోజుల ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ హడావుడి చూసే షాపులవాళ్లు రేటు తొక్కేస్తారు.

అలాగని ఇనుము రేటుకి ఇచ్చేయాలా? 1980లలో విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది, కాబట్టి మంచి ఇంగ్లీష్ రైఫిల్, జర్మన్ మౌజర్ దేశంలో ఉన్నవే చేతులు మారాలి, కావాలనుకునేవాడు డబ్బులు పెడతాడు. మన ఫ్యాక్టరీల పాయింట్ 315 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) రైఫిల్ అయితే లెక్క సులువు, కొత్తదాని ధర చూసుకుని కిందికి రావడమే. 375 మాగ్నమ్ లాంటి పెద్ద బోర్ రైఫిళ్లకి తూటాలు దొరకడమే కష్టం, అది కూడా రేటులో కలపాలి.

అసలు చూడాల్సింది బ్యారెల్ లోపల. లోడ్ లేదని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ (తూటాని లోపలికి తోసి వెనకనుంచి మూసే కడ్డీ) బయటకి తీసి, గొట్టాన్ని కిటికీ వెలుతురు వైపు పెట్టి వెనకనుంచి చూస్తే మెలితిరిగిన గాడులు అంచులతో సహా స్పష్టంగా మెరవాలి. పాతకాలం తూటాల ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) ఉప్పు వదిలేది, కాల్చాక వేడినీళ్లతో కడగకపోతే లోపల నల్లటి గుంటలు పడతాయి, వాటివల్లే సగం ధర పోతుంది. తర్వాత బోల్ట్ మీద నంబర్, బాడీ మీద నంబర్ ఒకటేనా, చెయ్యి పట్టే సన్నటి చోట చెక్కలో సన్న చీలిక ఉందా, స్కోప్ కోసం ఎవరైనా కొత్తగా బొక్కలు కొట్టారా, ఇవన్నీ చూడాలి. షాపాయన వీటిలో ఒక్కటి కూడా చూడలేదు, నాకు కోపం వచ్చింది అక్కడే. ఇంకో మాట, అమ్మేముందు అందంగా చేద్దామని ఎమరీ పేపర్‌తో రుద్ది కొత్త బ్లూయింగ్ (ఉక్కు మీద వేసే నల్లనీలం పూత) వేయించకండి దయచేసి, కంపెనీ ముద్రలు అరిగిపోతాయి, పాత తుపాకులు సేకరించేవాళ్లు డబ్బిచ్చేది ఆ పాత రంగుకే. రిగ్బీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి ఇంగ్లీష్ తుపాకుల కంపెనీలకి రాస్తే పాత లెడ్జర్ చూసి రైఫిల్ మొదట ఎవరికి అమ్మారో చెప్తారు, ఆ కాగితానికి కూడా విలువ ఉంటుంది.

పోలీస్ కమిషనర్ గారి లైసెన్సింగ్ విభాగానికి మీ పేపర్ ద్వారా నా విన్నపం. డిపార్ట్‌మెంట్‌లో తుపాకులు చూసుకునే ఆర్మరర్లు ఉన్నారు, ఫీజు తీసుకునైనా సరే వాళ్లతో రైఫిల్ కండిషన్ రాసిన సర్టిఫికెట్ ఇప్పించండి, రేటు ఎంతో వాళ్లు చెప్పక్కర్లేదు, బ్యారెల్ ఎలా ఉందో, నంబర్లు కలిశాయో లేదో రాస్తే చాలు, దాన్ని పట్టుకుని నాలుగు చోట్ల బేరం ఆడుకుంటాం. అలాగే ఎన్నికలకని, వారసత్వం తేలేదాకా అని డిపాజిట్ చేయించుకున్నప్పుడు రసీదులో నంబర్, బోర్ రాసి వదిలేయకుండా ఫోటోలు తీసి పెట్టండి, నూనె రాసి పెట్టుకోనివ్వండి, ఒక్క వానాకాలం తేమలో పడి ఉంటే చాలు ఎంత మంచి బ్యారెలైనా తుప్పు పడుతుంది. అత్తయ్య అమ్మకం కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదు, ఇలాంటి సర్టిఫికెట్ ఏదైనా వస్తే అది చూశాకే అమ్ముతానంటోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్