వార్షిక నివేదిక 2025–26: రెండో లైను, గూడ్సు బండ్లు, మన పాకాల

సభ్యులందరికీ నమస్కారం.

తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగుకు, అంటే ఉన్న రైలు లైను పక్కన రెండోది వేయడానికి, కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపిన సంగతి మీకు తెలిసిందే. ఖర్చు సుమారు 1,332 కోట్లు. ఏటా 40 లక్షల టన్నుల సరుకు అదనంగా నడుస్తుందని అంచనా. బొగ్గు, సిమెంటు, ఖనిజాలు మన పెరళ్ల వెనకనుంచే పోతాయి. లైనుకు మనం అడ్డం కాదు. అంత సరుకు లారీలకెక్కితే పొగ, ప్రమాదాలు ఇంకా ఎక్కువ. కట్ట పక్కన బతికేవాళ్ల మాట కూడా వినమనే ఈ ఏడాదంతా తిరిగాం.

ఏయే పనులకు ముందే పర్యావరణ అనుమతి కావాలో చెప్పే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో రైల్వే లైన్లు లేవు. అందువల్ల దాని కింద ప్రజాభిప్రాయ సేకరణ జరగదు. కాబట్టి మనమే జరిపాం. జూన్‌లో బడి ఆవరణలో పెట్టిన సభ మన సంఘం ఇన్నేళ్లలో చేసిన అతిపెద్ద పని. షామియానా చాలక జనం వేపచెట్ల కింద నిలబడ్డారు. తోతాపురి మామిడి లోడుతో పోతూ ఒక రైతు ట్రాక్టరు ఆపి లోపలికొచ్చాడు. రైల్వే గేటు పడి గూడ్సు కదిలేదాకా ఎండలో ఉంటే అడుగు కాయలు ఏమవుతాయో, నలిగిన కాయ చేత్తో పట్టుకుని చూపించాడు. సభంతా నిశ్శబ్దమైపోయింది.

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు. గేటు ఉన్నంతకాలం రైలు డ్రైవరు హారన్ కొట్టక తప్పదు, ఆయన్ని అనేదేమీ లేదు. అందుకే గేటు తీసేసి అండర్‌బ్రిడ్జి కట్టమని రైల్వేవారికి అర్జీ పెట్టాం. వానకు నీళ్లు నిలవకుండా కాలువ, మోటారు కూడా అదే అంచనాలో చేర్చమన్నాం. ఈ లైనుతో తగ్గే కాలుష్యం కోటి చెట్లు నాటినంత అంటున్నారు. సంతోషం. ఇక్కడ కొట్టే చింతచెట్లకు బదులు మాత్రం ఇక్కడే నాటాలి.

అర్జీలు తీసుకున్నారు, రసీదిచ్చారు. జవాబు ఇంతవరకు లేదు. రాత్రిపూట శబ్దం కొలుస్తామని పేర్లిచ్చిన మన సభ్యుల్లో సగంమంది రాలేదు. ఇది నాకు బాధగానే ఉంది.

బడి ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, షామియానా ఊరికే వేసినవారికి, రోజంతా టీ పోసిన స్టేషన్ రోడ్డు అంగడివారికి, గేటు దగ్గర కూర్చుని పడిన వేళ, లేచిన వేళ పుస్తకంలో రాసిన కాలేజీ పిల్లలకు కృతజ్ఞతలు. ఆ పుస్తకమే ఇప్పుడు మన ఆధారం.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. చందా బకాయిలున్నవారు ఈరోజే కట్టండి. రాత్రి డ్యూటీ జాబితా బల్లమీద ఉంది, వచ్చేవాళ్లే పేరు రాయండి.

– కార్యదర్శి