రెండు నిమిషాల హాల్టు, మోకాలెత్తు మెట్టు: శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టరు గారికి,

నమస్కారములు.

మన జిల్లాలో అరవై దాటినవాళ్లు ఇంటిపట్టున కూర్చోవడం కుదరని పని. డయాలసిస్‌కి పలాస, కంటి ఆపరేషనుకి విశాఖ, మనవల దగ్గరికి హైదరాబాదు, రథసప్తమికి అరసవల్లి, సిరిమానోత్సవానికి విజయనగరం. ఏదో ఒక ప్రయాణం తగులుతూనే ఉంటుంది. తరచూ తిరిగే పెద్దవాళ్లకి కొన్ని మెలకువలు పట్టుబడ్డాయి. అవి తెలియనివాళ్లు రైలు మెట్ల దగ్గరా బస్సు ఫుట్‌బోర్డు దగ్గరా పడిపోతున్నారు. ఆ మెలకువలన్నీ ఈ లేఖలో రాస్తున్నాం. ఎంత జాగ్రత్త పడ్డా మా వల్ల కాని పనులు కొన్ని ఉన్నాయి. వాటి దగ్గర మీ సాయం అడుగుతున్నాం.

శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది, పట్నానికి సుమారు 13 కిలోమీటర్లు. చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఆగేది 2 నిమిషాలే. ఇప్పటి కొత్తరకం (ఎల్‌హెచ్‌బీ) బోగీ ఒక్కోదాని పొడవు దాదాపు 24 మీటర్లు. 22 బోగీల బండి అంటే అర కిలోమీటరు దాటుతుంది. చేతిలో సంచితో డెబ్బై ఏళ్ల మనిషి సెకనుకి మీటరు నడవడమే కష్టం. ఆ లెక్కన 2 నిమిషాల్లో మహా అయితే ఐదు బోగీల దూరం నడవగలరు, అంతే. తమ బోగీ ఆగే చోటుకి ఐదు బోగీల అవతల నిలబడి ఉంటే, అక్కడికి చేరేసరికి బండి కదులుతుంది.

అందుకే బండి వేళకి అరగంట ముందే స్టేషనుకి చేరాలి. బోగీ ఎక్కడ ఆగుతుందో ఎంక్వైరీలోనో, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాళ్లనో అడిగి, అక్కడే కూర్చోవాలి. ఇక్కడ చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. హౌరా వైపు నుంచి వచ్చి విశాఖ స్టేషన్లోకి వెళ్లే బళ్లకి అక్కడ ఇంజను రెండో కొసకి మారుతుంది. రాజమండ్రిలో ఇంజను నుంచి ఐదోది అయిన బోగీ, మన స్టేషన్లో వెనక నుంచి ఐదోది అవుతుంది. అటునుంచి వచ్చిన పిల్లలు ఫోనులో చెప్పిన గుర్తు నమ్ముకుని నిలబడితే బండికి ఈ కొస నుంచి ఆ కొసకి పరుగెత్తాల్సి వస్తుంది. విశాఖలోకి వెళ్లకుండా నేరుగా దువ్వాడ మీదుగా పోయే బళ్లకి ఈ మార్పు ఉండదు. అలాంటి బండిలో విశాఖ వెళ్లేవాళ్లు దువ్వాడలో దిగాలి. టికెట్టు తీసేటప్పుడే ఇది చూసుకోవాలి.

ఒకవేళ తప్పుచోట నిలబడితే ప్లాట్‌ఫారం మీద పరుగు తీయొద్దు. ఎదురుగా ఉన్న రిజర్వేషను బోగీ ఎక్కేయాలి. లోపల తలుపు దగ్గరి సీటులో కాసేపు కూర్చుని, టీటీఈ వచ్చాక ఆయనకి చెప్పి నెమ్మదిగా తమ బోగీకి వెళ్లొచ్చు. కదులుతున్న బండి మాత్రం ఎక్కకూడదు. టికెట్టు డబ్బు పోయినా పరవాలేదు.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. విశాఖ వైపు నుంచి వస్తుంటే పొందూరు దాటగానే, పలాస వైపు నుంచి వస్తుంటే తిలారు దాటగానే సామాను తలుపు దగ్గరికి చేర్చాలి. బండి పూర్తిగా ఆగాక, నిచ్చెన దిగినట్టు బోగీ వైపు ముఖం పెట్టి, రెండు కడ్డీలూ పట్టుకుని దిగాలి. సామాను ముందు మరొకరు అందుకోవాలి. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో కడ్డీ పెట్టుకుని దిగేవాళ్లే ఎక్కువగా జారుతున్నారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

హాల్టు 5 నిమిషాలు చేయించమని రైల్వేకి మీ నుంచి ఒక లేఖ వెళ్లాలని కోరుతున్నాం. అది ఆలస్యమైతే, ఈలోగా బండి రావడానికి కనీసం 15 నిమిషాల ముందు బోగీల వరుస మైకులో తెలుగులో రెండుసార్లు చెప్పించండి. ప్లాట్‌ఫారం మార్పు చివరి నిమిషంలో ప్రకటించవద్దని కూడా రాయండి. ఓవర్‌బ్రిడ్జి ఎక్కి దిగడానికి మాకు పది నిమిషాలు కావాలి.

రాత్రి బండి దిగాక పట్నానికి రావడం వేరే బాధ. ఒంటరిగా దిగిన పెద్దావిడకి ఆ వేళ ఆటోవాళ్లు చెప్పిందే రేటు. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 లోపు వచ్చే ముఖ్యమైన బళ్ల వేళలు చూసి, స్టేషను నుంచి పట్నంలోని ఆర్టీసీ కాంప్లెక్సు దాకా ఒక్క బస్సు తిప్పించండి. బండి ఆలస్యమైతే ఆ బస్సు కూడా ఆగాలి. అప్పుడే దానివల్ల ప్రయోజనం.

టికెట్ల విషయంలో తప్పు ఎక్కువగా మా పిల్లల దగ్గరే జరుగుతోంది. రైల్వేలో పెద్దవాళ్లకి విడిగా లోయర్ బెర్తుల కోటా ఉంది. మగవాళ్లకి 60 ఏళ్లు, ఆడవాళ్లకి 45 ఏళ్లు నిండాలి. ఒక టికెట్టు మీద అలాంటివాళ్లు ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. కుటుంబమంతా కలిసి ఐదుగురికి ఒకే టికెట్టు తీస్తే ఆ కోటా వర్తించదు, అమ్మానాన్నలకి మిడిల్ బెర్తులు పడొచ్చు. పెద్దవాళ్లిద్దరికీ వేరే టికెట్టు తీయాలి. రెండు టికెట్లూ ఒకే బోగీలో పడతాయన్న పూచీ లేదు, అయినా పై బెర్తుకి ఎక్కలేక కూర్చుని తెల్లవార్చడం కన్నా అదే మేలు. ఆన్‌లైన్‌లో కనీసం ఒక లోయర్ బెర్తు దొరికితేనే బుక్ చేయమనే ఎంపిక ఉంటుంది, దానికి టిక్కు పెట్టాలి. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ బెర్తు నంబరుని 8తో భాగిస్తే 1 గాని 4 గాని మిగిలితే అది లోయర్, 7 మిగిలితే సైడ్ లోయర్. బోగీ రెండు కొసల్లో ఉన్న బెర్తులు మరుగుదొడ్డికి దగ్గర. రాత్రి నాలుగుసార్లు లేచేవాళ్లకి అవే నయం, తలుపుల చప్పుడుకి నిద్ర పట్టనివాళ్లకి మధ్య బెర్తులు మంచివి. రిజర్వేషను ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు తెరుస్తారు. 2020 మార్చి 20 నుంచి ఆపేసిన వృద్ధుల చార్జీ రాయితీ సంగతి మీ పరిధిలోది కాదని తెలుసు, అందుకే ఇక్కడ అడగడం లేదు.

ఇక బస్సులు. ఆర్టీసీలో 60 దాటినవాళ్లకి చార్జీలో 25 శాతం తగ్గింపు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి చార్జీ లేదు. నాన్‌స్టాప్‌లకీ, ఇచ్ఛాపురం దాటి ఒడిశా వెళ్లే బస్సులకీ అది వర్తించదు, ఎక్కేముందే కండక్టరుని అడగాలి. రెండింటికీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. దాన్ని సంచి అడుగున కాకుండా మెడలో వేసుకునే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటే వెతుకులాట ఉండదు.

సీటు ఎంచుకోవడం కూడా ఆరోగ్యం సంగతే. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నడుమ ఉన్న సీట్లలో కుదుపు తక్కువ. వెనక చక్రం దాటిన భాగానికి కింద ఆధారం ఉండదు, గతుకు పడితే చివరి వరుసలో మనిషి ఎగిరిపడతాడు. ఎముకలు గుల్లబారినవాళ్లకి ఆ ఒక్క కుదుపుతో వెన్నుపూస నలిగిపోవచ్చు. చివరి సీటు మాత్రమే ఖాళీ ఉంటే తర్వాతి బస్సుకి ఆగడం మంచిది. గంటసేపు కూర్చున్నాక దిగబోయేముందు పాదాలు ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించాలి, లేచి కడ్డీ పట్టుకుని అర నిమిషం నిలబడాలి. బీపీ మాత్రలు వాడేవాళ్లకి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి.

బస్సు మొదటి మెట్టు మోకాలెత్తు ఉంటుంది. బస్సు గట్టుకి ఆనకుండా దూరంగా ఆగితే ఇంకా ఎత్తు. దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. శ్రీకాకుళం, టెక్కలి, పలాస, ఆమదాలవలస బస్టాండ్లలో కంట్రోలరు గది దగ్గర రెండేసి చెక్క పీటలు ఉంచండి. ఎత్తు 8 అంగుళాలు, పైభాగం 16 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు. కాళ్లకి రబ్బరు తొడుగులు, పైన గరుకు రబ్బరు పట్టీ, ఎత్తడానికి మధ్యలో చెయ్యి పట్టే కంత ఉండాలి. అంతకన్నా ఎత్తు పెడితే పీట ఎక్కడమే మరో పని అవుతుంది, వెడల్పు తగ్గితే బోర్లా పడుతుంది. "బాబూ, కాస్త పీట వెయ్యి" అని అడిగితే విసుక్కోకుండా వేసే మనిషి ఒకరు ఉండాలి. ఇది ముందు మొదలుపెట్టండి.

విశాఖ ఆసుపత్రులకి వెళ్లేవాళ్లకి ఒక మాట. విమ్స్‌కి, ఆరిలోవ హెల్త్ సిటీకి వెళ్లాలంటే ద్వారకా కాంప్లెక్సు దాకా పోనక్కర్లేదు, హనుమంతవాకలో దిగాలి. పరగడుపు రక్తపరీక్ష ఉన్నరోజు షుగరు మాత్ర గాని ఇన్సులిన్ గాని ఇంట్లో వేసుకుని తినకుండా బయలుదేరితే దారిలోనే చక్కెర పడిపోతుంది. ఆరోజు మందు ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టరుని అడగాలి. మూడు చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, పొట్లం కట్టి జేబులో ఉంచుకోవాలి. పైన అరలో సంచిలో ఉంటే అవసరానికి అందదు. చెమటలు, వణుకు మొదలైతే అది నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటలో తగ్గకపోతే ఇంకోసారి. ఇన్సులిన్‌ని తడిగుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టుకోవచ్చు, ఐసుగడ్డకి తగిలేలా పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. మందుల చీటీ జిరాక్సు ఒకటి, అవసరానికన్నా మూడు రోజులకి అదనంగా మాత్రలు, అవీ రెండు సంచుల్లో సగం సగం పెట్టుకోవాలి.

నీళ్ల గురించి ఎక్కువ చెప్పాలి. దారిలో మరుగుదొడ్డి ఉండదన్న భయంతో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, బయలుదేరే ముందు రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు. ఎండలో నాలుగు గంటలు అలా తిరిగితే కళ్లు తిరిగి పడిపోతారు, మూత్రంలో మంట పట్టుకుంటుంది. గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండాలి. కానీ కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ సలహా అందరికీ ఒకేలా చెప్పకూడదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లకి డాక్టరు రోజుకి ఇన్ని నీళ్లేనని కొలత పెట్టి ఉంటారు. వాళ్లు ఆ కొలత సీసాలో పోసుకుని దాన్నే రోజంతా తాగాలి. దాహమని కొబ్బరిబొండం తాగకూడదు, డాక్టరు చెప్పనిదే ఓఆర్ఎస్ కూడా వద్దు. రెండింటిలోనూ పొటాషియం ఉంటుంది, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె లయ తప్పుతుంది. కొబ్బరితోటల మధ్య ఉన్నవాళ్లకి అది మంచిది కాదని చెప్తే నమ్మకం కుదరదు. అందుకే బస్టాండ్లలో వేసవి చలివేంద్రాల దగ్గర ఈ మాట పెద్ద అక్షరాలతో రాయించండి. బస్టాండు మరుగుదొడ్లలో కనీసం ఒక గదిలో కమోడు, గోడకి పట్టుకునే కడ్డీ, వెలిగే బల్బు, లోపల గడియ ఉండాలి. దూరం బస్సుల్లో డ్రైవరు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆపుతారో బయలుదేరేటప్పుడే చెప్తే, మేం నీళ్లు మానుకోవాల్సిన పని ఉండదు.

గుళ్ల విషయం. అరసవల్లి, శ్రీకూర్మం ఒకే పూటలో అవుతాయి, శ్రీముఖలింగానికి విడిగా ఒక రోజు పెట్టుకోవాలి. వేసవిలో తొమ్మిదిలోపు దర్శనం ముగియాలి. ఆ తర్వాత రాతిబండలు కాలతాయి. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవాళ్లకి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, కాలుతున్నట్టు కూడా తెలియదు. సాయంత్రం చూసుకుంటే బొబ్బలు, ఆ తర్వాత పుండ్లు. మందపాటి నూలు మేజోళ్లు వేసుకోవాలి, ఇంటికి వచ్చాక అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి. ప్రదక్షిణ దారిలో కొబ్బరిపీచు పట్టాలు పరిచి నీళ్లు చల్లించమని దేవాదాయ శాఖకి చెప్పండి. పట్టా ఎండిపోతే అదీ కాలుతుంది, గంటకోసారి తడపాలి.

హైవే బస్సుల్ని సింహద్వారం జంక్షను లాంటి చోట్ల అవతలి వైపు ఆపి దింపేస్తుంటారు. ఆరు వరుసల రోడ్డు దాటడం పెద్దవాళ్లకి ప్రాణాంతకం. కాంప్లెక్సులోకి వెళ్తుందా, బైపాసు మీదే దింపుతారా అని ఎక్కేముందు అడగాలి. బైపాసు అయితే ముందే ఎవరినైనా రమ్మనాలి, డివైడరు దూకకుండా అండర్‌పాసు దాకా సర్వీసు రోడ్డు మీద నడవాలి. పెద్దవాళ్లు ఉన్న బస్సుని అండర్‌పాసు దగ్గరే ఆపాలని ఆర్టీసీ డ్రైవర్లతో పాటు ప్రైవేటు ట్రావెల్సు వాళ్లకీ ఆదేశం ఇవ్వండి.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఈ జిల్లాలో అమలయ్యేలా చూసే బాధ్యత మీ కుర్చీది. కాబట్టే మంత్రులకి కాకుండా ముందు మీకే రాస్తున్నాం. పైన చెప్పిన మెలకువల్ని ఒక్క కాగితం మీద, కళ్లజోడు లేకుండా చదవగలిగే అక్షరాల్లో అచ్చు వేయించి రిజర్వేషను కౌంటర్ల దగ్గర, కాంప్లెక్సులో, సచివాలయాల్లో అంటించండి. దానికి కావలసిన పాఠం మేమే రాసి ఇస్తాం. కిడ్నీ, షుగరు మాటలు అచ్చుకి వెళ్లే ముందు ప్రభుత్వ డాక్టరు ఒకరు చూడాలి. పీటలు చేయించేటప్పుడు కొలతలకి మమ్మల్ని పిలవండి, ఎక్కి చూసి చెప్తాం.

ఇట్లు,
శ్రీకాకుళం, ఆమదాలవలస ప్రాంతాల పెద్దవయసు ప్రయాణికులు